పెట్టెలోని తూకం

ఇంట్లో ఒక వస్తువు పాతబడినప్పుడు ఎదురయ్యే ప్రశ్నలు పైకి చిన్నవిగానే కనిపిస్తాయి. కొత్తది కొనాలా, ఉన్నదానినే బాగుచేసుకోవాలా, మరికొన్నాళ్లు సర్దుకుపోవాలా? అయితే ఆ ప్రశ్నల వెనుక కుటుంబ సంపాదన ఉంటుంది, పిల్లల హక్కులుంటాయి, మనతో లావాదేవీ జరిపేవారి నమ్మకం ఉంటుంది. 2023 ఆరంభంలో మా ఇంటి డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, విద్యుత్తు అందించే ఎస్.ఎం.పి.ఎస్. మార్చవలసి వచ్చినప్పుడు ఈ సంగతి మాకు తేటతెల్లమైంది. చదువుకునే పిల్లలున్న తల్లిదండ్రులకు ఉపయోగపడవచ్చునన్న ఉద్దేశంతో ఆ అనుభవాన్ని ఇక్కడ పంచుకుంటున్నాము.

ఆ కంప్యూటర్‌ను 2018 చివరలో కొన్నాము. అందులో నాలుగు కోర్ల రైజెన్ 3 2200జి ప్రాసెసర్, బీ450 తరగతి మదర్‌బోర్డు ఉండేవి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. తెరపై బొమ్మ చూపే పనిని కూడా ఆ ప్రాసెసరే చేసేది. ఇంటి లెక్కలకు, పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు, ఖుర్‌ఆన్ పారాయణం వినడానికి అది చక్కగా సరిపోయింది. 2021లో ర్యామ్‌ను 16 జీబీకి పెంచడం మినహా దాని జోలికి పోనవసరం రాలేదు.

మా పెద్దమ్మాయి ఆర్కిటెక్చర్ కోర్సులో మూడో సంవత్సరానికి వచ్చాక పరిస్థితి మారింది. కట్టడం నమూనాను బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిర్మించి, దానిపై ఎండ ఎలా పడుతుందో, గదిలో నీడ ఎటు సాగుతుందో నిజమైన ఛాయాచిత్రంలా చూపించాలి. దీనినే రెండరింగ్ అంటారు. వెలుతురు కిరణం ఎక్కడ తాకి ఎటు మళ్లుతుందో కంప్యూటర్ కోట్లసార్లు లెక్క కట్టవలసిన పని అది. మా ప్రాసెసర్ ఒక్క చిత్రానికి సుమారు 40 నిమిషాలు తీసుకునేది. పది చిత్రాలు కావాలంటే ఇషా నమాజు తర్వాత మొదలుపెట్టి ఫజ్ర్ వరకు యంత్రాన్ని నడపవలసిందే. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి వచ్చేది. సెమిస్టరు చివరి వారాలలో అమ్మాయి నిద్ర లేని కళ్లు చూసిన తర్వాత ఇది అవసరమా, సరదానా అన్న చర్చ మా ఇంట్లో రాలేదు.

వచ్చిన చర్చ వేరు. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అబ్బాయి ఒకరోజు భోజనాల దగ్గర, "అబ్బా, ఆపా కోసం ఇంత ఖర్చు పెడుతున్నారు కదా, మరి నాకు?" అన్నాడు. వాడి గొంతులో అల్లరి లేదు, నిజమైన ప్రశ్నే ఉంది. నుఅమాన్ బిన్ బషీర్ (రజి)కు ఆయన తండ్రి ఒక కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని దైవప్రవక్త (స)ను కోరినప్పుడు, మిగిలిన సంతానానికి కూడా ఇలాగే ఇచ్చావా అని ఆయన (స) విచారించి, ఇవ్వలేదని తెలిసి సాక్ష్యానికి నిరాకరించిన సంఘటన మనందరికీ తెలిసినదే. కాబట్టి పిల్లవాడి ప్రశ్నను కసిరి పక్కన పెట్టే అధికారం మాకు లేదు.

మేమిద్దరం ఆలోచించుకొని వాడికి ఇలా చెప్పాము. పిల్లల మధ్య కానుకలలో సమానత్వం పాటించాలి. అవసరాల విషయంలో మాత్రం ఎవరి అవసరం ఎంతో అంత తీర్చాలని ధర్మవేత్తలు వివరించారు. ఒకరికి కళ్లద్దాలు కావలసి వస్తే ఇద్దరికీ కళ్లద్దాలు కొనము కదా! ఇప్పుడు చేసే ఖర్చు ఆపా చదువు అవసరం కోసం. యంత్రం మాత్రం ఇల్లందరిదీ. ఆమె పని లేని వేళల్లో నీవూ వాడుకోవచ్చు. రేపు నీ చదువుకు ఇంతకన్నా ఎక్కువ కావలసి వస్తే, ఇన్షా అల్లాహ్, అప్పుడు నీ వంతు. వాడు కాసేపు ఆలోచించి, "అయితే బిగించేటప్పుడు నేను కూడా ఉంటాను" అన్నాడు. ఆ షరతుకు సంతోషంగా ఒప్పుకున్నాము.

పిల్లల చదువుకని నెలనెలా పక్కన పెట్టిన సొమ్ము 40,000 రూపాయలు ఉంది. దుకాణాలలో వాయిదాల పద్ధతి చూపించారు. "వడ్డీ లేని వాయిదా" అన్న దాని వివరాలు చదివితే, బ్యాంకు లెక్కలో వడ్డీ వేసి, అంతే మొత్తాన్ని ధరలో తగ్గించే ఏర్పాటు కనిపించింది. ఆ కాగితంపై సంతకం చేయడానికి మా మనసు అంగీకరించలేదు. చేతిలో ఉన్న 40,000లోనే పని పూర్తి కావాలని హద్దు గీసుకున్నాము. ఈ హద్దు మాకెంతో మేలు చేసింది. డబ్బుకు హద్దు ఉన్నప్పుడే ఏది ఎంత కావాలో తూచి చూసే అలవాటు కలుగుతుంది.

ఇక్కడ పాఠకులకు ఒక మాట వివరించాలి. మన వాడుకలో పెట్టెనంతటినీ సీపీయూ అంటాము. నిజానికి ఆ పేరు అందులోని ప్రాసెసర్‌ది మాత్రమే. అది మొత్తం పనిని నడిపిస్తుంది. రెండరింగ్‌కు దృశ్యాన్ని సిద్ధం చేసి కార్డుకు అందిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వేలకొద్దీ చిన్న గణన విభాగాలతో వెలుగునీడల లెక్కను ఒకేసారి పూర్తి చేస్తుంది. ఈ రెండింటికీ కావలసిన విద్యుత్తును ఎస్.ఎం.పి.ఎస్. అందిస్తుంది. గోడ నుండి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు తగ్గించి పంచిపెట్టడం దాని విధి. బలమైన కార్డును బలహీనమైన ప్రాసెసర్‌తో జతచేస్తే చాలా పనులలో కార్డు ఖాళీగా ఎదురుచూస్తుంది. ఆ రెండూ బలమైనవై, విద్యుత్తు అందించేది బలహీనమైనదైతే యంత్రానికే ముప్పు. అంటే ఒకదానికొకటి తూగాలి. సూరె రహ్మాన్ తొలి ఆయతులలో ఆకాశాన్ని పైకెత్తడం, తులను నెలకొల్పడం పక్కపక్కనే ప్రస్తావనకు వస్తాయి. సృష్టి అంతటా నెలకొన్న మీజాన్, మనిషి చేతితో చేసిన ఇనుప పెట్టెలో కూడా తన అవసరాన్ని గుర్తుచేయడం మాకు ఆశ్చర్యం కలిగించింది.

మదర్‌బోర్డును మార్చనవసరం లేదని తెలియడం మొదటి ఊరట. ఏఎండీ సంస్థ ఏఎం4 అనే ఒకే సాకెట్‌ను అనేక తరాల ప్రాసెసర్లకు కొనసాగించింది. అందువల్ల మా పాత బోర్డులోనే, బయోస్ అనే మూల సాఫ్ట్‌వేర్‌ను నవీకరిస్తే చాలు, 2022లో వచ్చిన ఆరు కోర్ల రైజెన్ 5 5600 పనిచేస్తుంది. కార్డు విషయంలో ఆర్‌టీఎక్స్ 3060ని ఎంచుకున్నాము. దానికి 12 జీబీ సొంత జ్ఞాపకశక్తి ఉంది. పెద్ద కట్టడాల నమూనాలకు అది ముఖ్యం. కొందరు మిత్రులు ఆర్‌టీఎక్స్ 3080 కొనమన్నారు. దాని ధర అటుంచితే, అదొక్కటే 320 వాట్లు తీసుకుంటుంది. 750 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండాలని దాని తయారీదారుల సూచన. 3060కి 170 వాట్లు చాలు. 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. సరిపోతుంది. ఖర్చులో దుబారాకు పోక, పిసినారితనానికీ దిగక మధ్యేమార్గాన నిలిచేవారిని సూరె ఫుర్ఖాన్ ప్రశంసిస్తుంది. మా అమ్మాయి పనికి మధ్యేమార్గం 3060 దగ్గరే కనిపించింది.

అసలు పరీక్ష ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర ఎదురైంది. కార్డు ధర గురించి అందరూ మాట్లాడతారు. ప్రాసెసర్ పేరు పిల్లలకు కూడా నోటికి వస్తుంది. క్యాబినెట్ మూలలో దాగి ఉండే ఈ పెట్టె గురించి అడిగేవారు అరుదు. మాది క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినది. దానిపై పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. పక్కనే చిన్న అక్షరాల పట్టిక ఒకటుంది. అందులో 12 వోల్టుల వరుస కింద 16 ఆంపియర్లు అని వ్రాసి ఉంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని హైస్కూలులో చదువుకున్నదే. 12ను 16తో గుణిస్తే 192. ప్రాసెసర్, కార్డు రెండూ ప్రధానంగా ఆధారపడేది ఈ 12 వోల్టుల వరుస మీదే. కార్డుకు 170, ప్రాసెసర్‌కు 65 కలిపితేనే 235 అవుతుంది. అంటే పైన 450 అని ప్రకటించిన పెట్టె, అవసరమైన చోట 235 కూడా ఇవ్వలేదు!

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బయలుదేరక ముందు మా ఊళ్లోనే ఒక దుకాణంలో విచారించాము. కౌంటర్ దగ్గరి వ్యక్తి, "మీ ఎస్.ఎం.పి.ఎస్.కి కార్డు పిన్ను లేకపోతే ఏముంది సార్, 200 రూపాయల అడాప్టర్ వేస్తే నడిచిపోతుంది" అన్నాడు. అడాప్టర్ తీగను కలుపుతుందే గాని శక్తిని పుట్టించదు. మదర్‌బోర్డు స్లాటు నుండి కార్డుకు అందే విద్యుత్తు గరిష్ఠంగా 75 వాట్లు. మిగిలినది ప్రత్యేక తీగ ద్వారా రావాలి. ఎనిమిది పిన్నుల ఆ తీగ 150 వాట్ల వరకు మోయడానికి ఉద్దేశించినది. ఆ బరువును పాత హార్డ్‌డిస్కు తీగల మీద మోపితే అవి వేడెక్కి కరిగిపోవచ్చు. ఆదా అయ్యే నాలుగైదు వేల కోసం, రాత్రంతా నడిచే యంత్రాన్ని పిల్లలు నిద్రించే గదిలో ఆ స్థితిలో ఉంచడం మాకు సమ్మతం కాలేదు.

తూకంలో తగ్గించేవారి పేరుతో ఖుర్‌ఆన్‌లో ఒక సూరానే ఉంది, ముతఫ్ఫిఫీన్. ఆ పేరు వినగానే మనకు సంతలోని తక్కెడ, కిరాణా కొట్టు గుర్తుకొస్తాయి. మన కాలంలో తూకం వాట్లలో కూడా ఉంటుంది, జీబీలలో కూడా ఉంటుంది. పెద్ద అంకెను ముందు పెట్టి, నిజమైన అంకెను చిన్న అక్షరాలలో దాచడం ఆ పాత రోగానికే కొత్త వేషం. కొనేవారిగా మన వంతు బాధ్యత కూడా ఉంది. ఆ చిన్న అక్షరాలను చదవడం నేర్చుకోవాలి. మేము కొన్న 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. పట్టికలో 12 వోల్టుల వరుసకు 45 ఆంపియర్లు, అనగా 540 వాట్లు ఉన్నాయి. చెప్పిన మాటకూ ఇచ్చే బలానికీ తేడా దాదాపు లేదు. దానిపై 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కూడా ఉంది. ఈ ముద్ర గోడ నుండి తీసుకున్న విద్యుత్తులో ఎంత భాగం వృథా కాకుండా అందుతుందో చెబుతుంది. అంతేగాని లోపలి భాగాల నాణ్యతకు అది పూర్తి హామీ కాదు. కాబట్టి ముద్రతో పాటు పట్టికను, వారంటీ కాలాన్ని కూడా చూడాలి.

కొత్త 3060 మా హద్దుకు లోబడలేదు. అప్పట్లో వాడిన కార్డులు విరివిగా అమ్మకానికి వస్తుండేవి. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతిని మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వే పని ఆగిపోయింది. అలా పగలూ రాత్రీ నడిచిన కార్డులు సంతకు చేరాయి. హైదరాబాద్‌లో ఇద్దరు అమ్మకందారులను కలిశాము. ఒకరు 16,500 చెప్పారు. ఇంట్లో అప్పుడప్పుడు ఆటలకే వాడామన్నారు గాని, బిల్లు లేదు. ఎప్పుడు కొన్నారో చెప్పలేకపోయారు. మెహిదీపట్నంలో కలిసిన యువకుడు 18,000 అడిగాడు. మేము అడగకముందే, "భాయ్, ఇది పది నెలలు మైనింగ్‌లో నడిచింది. ఫ్యాన్లు బాగున్నాయి. 2021 బిల్లు ఇదిగో, ఇంకా వారంటీ ఉంది. ఇరవై నిమిషాలు పూర్తి లోడుతో నడిపి చూపిస్తాను, నచ్చితేనే తీసుకోండి" అన్నాడు.

ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని గమనించిన దైవప్రవక్త (స), ఆ తడిసిన భాగాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి మందలించారు. ఈ యువకుడు తన సరుకులోని తడిని తానే పైకి తీసి చూపించాడు. కార్డును నడిపించి వేడిని గమనించాము, ఫ్యాన్ల శబ్దం విన్నాము, బిల్లుపై ఉన్న సీరియల్ నంబరును కార్డుపై ఉన్నదానితో పోల్చి చూశాము. 1,500 ఎక్కువైనా అతని దగ్గరే కొన్నాము. ఆ 1,500ను మేము సత్యానికి చెల్లించిన ధరగా భావించలేదు. దాచినదాని వల్ల కలగగల నష్టం అంతకన్నా ఎక్కువ. కాబట్టి వ్యాపార లెక్కలో కూడా నిజమే చౌక. కార్డు 18,000, కొత్త ప్రాసెసర్ 13,500, ఎస్.ఎం.పి.ఎస్. 4,700. మొత్తం 36,200. అల్‌హందులిల్లాహ్, హద్దు దాటలేదు.

ఆదివారం జొహ్ర్ తర్వాత బిగింపు పని మొదలుపెట్టాము. ముందుగా పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్‌ను నవీకరించాలి. లేకుంటే పాత బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించదు. ఆ నవీకరణ మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు కనుక యూపీఎస్ ద్వారానే నడిపాము. తర్వాత యంత్రాన్ని కాసేపు పనిచేయనిచ్చి ఆపాము. అలా చేస్తే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య గట్టిపడిన పేస్టు మెత్తబడుతుంది. కూలర్‌ను నేరుగా పైకి లాగకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. లాగితే ప్రాసెసర్ దానికి అంటుకుని సాకెట్ నుండి ఊడి వచ్చి, అడుగున ఉన్న సన్నని పిన్నులు వంగిపోతాయి. కొత్త ప్రాసెసర్ మూలన ఉన్న బంగారు రంగు త్రిభుజాన్ని సాకెట్ గుర్తుతో కలిపి మా అమ్మాయి ఉంచింది. అది తన బరువుతోనే దిగింది. నొక్కవలసి వచ్చిందంటే ఎక్కడో పొరపాటున్నట్లే.

పాత ఎస్.ఎం.పి.ఎస్. తీగలను ఒక్కటి కూడా మిగల్చకుండా తీసివేశాము. అవి చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని తీగలు మరొకదానికి వాడకూడదు. రైజెన్ 5 5600కు తెరపై బొమ్మ చూపే సామర్థ్యం లేదు. ఆ సంగతి ముందే చదివి ఉంచుకున్న మా అబ్బాయి, మానిటర్ తీగను మదర్‌బోర్డు నుండి తీసి కార్డుకు తగిలించి, "అమ్మీ, ఇప్పుడు ఆన్ చేయండి" అన్నాడు. బిస్మిల్లాహ్ అని మీట నొక్కాము. తెర వెలిగింది. 40 నిమిషాలు పట్టే చిత్రం రెండు నిమిషాల లోపే పూర్తయింది. అమ్మాయి ఆ రాత్రి పదిన్నరకు పడుకుంది. మాకు అంతకన్నా పెద్ద ఫలితం మరొకటి లేదు.

ఇక పాత భాగాలు మిగిలాయి. మా వీధి చివర కుట్టుమిషన్ నడిపే సోదరుని కుమారుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. తానొక కంప్యూటర్ కూర్చుకుంటున్నానని, పాత ప్రాసెసర్‌తో పాటు ఎస్.ఎం.పి.ఎస్. కూడా ఇమ్మని వచ్చాడు. ప్రాసెసర్‌కు 3,000, ఎస్.ఎం.పి.ఎస్.కు 800 ఇస్తానన్నాడు. చిన్న అక్షరాల పట్టిక చూపించి 192 లెక్క వివరించాము. అతడు తెలివైనవాడు. "చాచా, కార్డు వేయనంతవరకు నడుస్తుంది కదా? మీ దగ్గర నాలుగేళ్లు నడిచింది కదా?" అని అడిగాడు.

అతని మాట నిజమే. లోపం చెప్పి అమ్మితే మోసం కాదు, బేరం ధర్మసమ్మతమే. అయినా మా మనసు ఒప్పలేదు. ఏడాది తర్వాత అతడు ఒక కార్డు సంపాదించవచ్చు. లేదా ఆ పెట్టెను మరొకరికి అమ్మవచ్చు. మేము చెప్పిన మాట అతనితో ఆగిపోతుంది. దానిపై అంటించిన స్టిక్కరు మాత్రం చేతులు మారిన ప్రతిసారీ 450 అనే చెబుతుంది. ఆ అబద్ధాన్ని మేము వ్రాయలేదు. కానీ దాన్ని ముందుకు సాగనంపే చేయి మాది కాకూడదనుకున్నాము. ప్రాసెసర్‌ను 2,000కే ఇచ్చి, "మిగిలిన దానికి నీ 800 కలుపుకొని నమ్మదగిన ఎస్.ఎం.పి.ఎస్. కొనుక్కో బేటా, పట్టికలో 12 వోల్టుల వరుస చూసి మరీ తీసుకో" అని చెప్పాము. వారం తర్వాత అతడు కొన్నదాని ఫోటో పంపాడు. పెట్టె బొమ్మ కాదు, ఆ చిన్న అక్షరాల పట్టిక బొమ్మ!

మా పాత ఎస్.ఎం.పి.ఎస్.ను తెరవకుండానే ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాము. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక ఇంట్లో విప్పడం తగదు. చెత్తకుండీలో వేయడం అంతకన్నా తగదు. ఇచ్చే ముందు దానిపై ఉన్న 450 అంకెను మా అబ్బాయి నల్ల మార్కరుతో కొట్టివేసి, పక్కన 192 అని వ్రాశాడు. వాడికి ఎవరూ చెప్పలేదు.

కొనేటప్పుడు, అమ్మేటప్పుడు, పిల్లలకు పంచేటప్పుడు మన తూకం సరిగా ఉండే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.